కోర్టు పెట్టే లాయరు: కర్నూలు జిల్లాలో తరచుగా అడిగే ప్రశ్నలు

ఆదోని, పత్తికొండ, ఆలూరు, ఎమ్మిగనూరు కోర్టుల్లో ఏ వరండాలో కాసేపు నిలబడినా ఉచిత లాయరు గురించి ఇవే ప్రశ్నలు వినపడతాయి. కొన్నింటికి చట్టంలో సూటిగా జవాబుంది. కొన్నింటికి చట్టం, నిబంధనలు మారితే తప్ప సరైన జవాబు రాదు. రెండు రకాలూ ఇక్కడ కలిపే రాశాను.

మావాన్ని పొద్దున స్టేషనుకు తీసుకుపోయినారు. లాయరుకిచ్చే డబ్బు లేదు. కోర్టుకు తెచ్చేదాకా ఆగాలా?

ఆగొద్దు. 15100 కు ఫోన్ చేయండి. అది జాతీయ న్యాయ సేవాధికార సంస్థ హెల్ప్‌లైన్. ఫోన్ కలవకపోతే ఇంట్లో ఒకరు కర్నూలులో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసుకు వెళ్లండి. దూరమైతే మీ ఊరికి దగ్గరి కోర్టులో మండల న్యాయ సేవాధికార కమిటీ ఉంటుంది. దరఖాస్తు రాయడం రాదని వెనక్కి తగ్గొద్దు. నోటితో చెప్పినా తీసుకోవాలి, పారా లీగల్ వాలంటీరు రాసిపెడతారు.

వెళ్లేటప్పుడు మనిషి పేరు, తండ్రి పేరు, ఏ స్టేషను, ఎన్ని గంటలకు తీసుకెళ్లారు, ఎవరు చూశారు అన్నవి ఒక కాగితం మీద రాసుకెళ్లండి. ఆ టైము చాలా ముఖ్యం. అరెస్టు చేశాక, ప్రయాణానికి పట్టే సమయం తీసేసి, 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. ‘విచారణకు పిలిచాం, అరెస్టు చేయలేదు’ అంటూ రెండు రోజులు కూర్చోబెట్టినప్పుడు పనికొచ్చేది మీరు రాసుకున్న ఆ టైమే.

2024 జులై 1 నుంచి క్రిమినల్ కేసులు ఎలా నడపాలో చెప్పే పాత సీఆర్‌పీసీ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమల్లో ఉంది. దాని 38వ సెక్షన్ ప్రకారం, పోలీసులు ప్రశ్నిస్తున్నప్పుడు అరెస్టయిన మనిషి తన లాయరును కలవొచ్చు. విచారణ సాగినంతసేపూ లాయరు పక్కనే ఉండటానికి మాత్రం వీల్లేదు. లాయరుకు డబ్బిచ్చుకోలేని వాళ్ల సంగతి ఆ సెక్షన్లో లేదు. 2019లో జాతీయ సంస్థ ఒక పద్ధతి తయారుచేసి, అరెస్టుకు ముందు, అరెస్టప్పుడు, రిమాండప్పుడు కూడా న్యాయ సహాయం అందాలని చెప్పింది. కాగితం మీద మంచి పద్ధతే. స్టేషనులో రాత్రి 11 గంటలకు అది ఎవరికి గుర్తొస్తుందన్నదే తిప్పలు.

జడ్జి ముందు మొదటిసారి నిలబెట్టినప్పుడు ఏం జరుగుతుంది?

కేసు మొత్తంలో తక్కువసేపు పట్టేది, ఎక్కువ నష్టం జరిగేదీ ఇక్కడే. ఆదివారమో, పొద్దుపోయాకో అయితే మేజిస్ట్రేటు ఇంటి దగ్గరే హాజరుపెడతారు. ఒక కానిస్టేబులు చేతిలో రిమాండ్ రిపోర్టు, మెడికల్ కాగితం. లోపలికి పిలుస్తారు. మేజిస్ట్రేటు అడుగుతారు: ‘పేరేంటి? ఎందుకు అరెస్టు చేశారో చెప్పారా? పోలీసులు కొట్టారా? లాయరున్నాడా?’ మనవాడు పక్కనున్న కానిస్టేబుల్ని ఒకసారి చూస్తాడు. ‘ఏం లేదు సార్’ అంటాడు. కొట్టారా అన్నదానికీ అదే జవాబు, లాయరున్నాడా అన్నదానికీ అదే జవాబు. 14 రోజుల రిమాండు. వ్యాను తిరిగి పంచలింగాల జైలు దారి పడుతుంది.

ఆ నాలుగో ప్రశ్నకు చెప్పాల్సింది ‘లేడు సార్, ప్రభుత్వం తరఫున ఇప్పించండి’ అని. అలా అడగడం తెలియకపోయినా హక్కు పోదు. భాగల్పూరులో నిందితుల కళ్లు పొడిచిన ఖాత్రీ కేసులో 1980 డిసెంబరులోనే సుప్రీంకోర్టు ఈ మాట చెప్పింది. మొదటిసారి హాజరుపరిచిన క్షణం నుంచే ఉచిత లాయరు హక్కు ఉంటుందని, ఆ సంగతి నిందితుడికి చెప్పాల్సింది మేజిస్ట్రేటేనని, డబ్బులేదని ప్రభుత్వం తప్పించుకోవడానికి వీల్లేదని తేల్చింది. 2012లో కసబ్ కేసు తీర్పులో ఇంకో అడుగు ముందుకేసి, అలా చెప్పని మేజిస్ట్రేటు మీద శాఖాపరమైన చర్య తీసుకోవచ్చని రాసింది. కసబ్ పేరు వినగానే మొహం చిట్లించేవాళ్లు ఉన్నారు. కానీ పత్తికొండ కోర్టులో నిలబడ్డ టమాటా రైతుకు ఈరోజు అండగా ఉన్నది ఆ తీర్పే.

మొదటి రిమాండులో లాయరుంటే ఏం చేస్తాడు? అరెస్టుకు కారణాలు చెప్పారా, ఏడేళ్ల లోపు శిక్ష పడే కేసులో అరెస్టు చేయకుండా విచారణకు రమ్మనే 35వ సెక్షన్ నోటీసు ఇవ్వకుండా ఎందుకు అరెస్టు చేశారు, ఒంటి మీద దెబ్బలున్నాయా, వయసు నిజంగా 18 దాటిందా అని అడుగుతాడు. దెబ్బల మాట ఆ రోజు రికార్డులోకి ఎక్కకపోతే తర్వాత ఎంత మొత్తుకున్నా ‘అప్పుడెందుకు చెప్పలేదు?’ అంటారు.

ఉచిత లాయరు ఎవరికి ఇస్తారు? మేం బోయోళ్లం, మాకు వస్తుందా?

1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్లో జాబితా ఉంది. ఎస్సీలు, ఎస్టీలు, మహిళలు, పిల్లలు, వికలాంగులు, మనుషుల అక్రమ రవాణాకు, వెట్టికి గురైనవాళ్లు, పారిశ్రామిక కార్మికులు, వరద, కరువు, కుల దాడుల లాంటి విపత్తుల బాధితులు. వీళ్లకు ఆదాయంతో పనిలేదు. ఎరుకలవాళ్లు, సుగాలీలు ఎస్టీలు కాబట్టి ఈ జాబితాలోనే వస్తారు. మన సీమలో బోయలు బీసీల్లో ఉన్నారు కాబట్టి కులం లెక్కన రాదు. అప్పుడు ఆదాయం చూస్తారు. మన రాష్ట్రంలో ఏడాదికి 3 లక్షల లోపు ఉన్నవాళ్లు అర్హులు.

అయితే జాబితాలో ఇంకొకటి ఉంది, చాలామందికి తెలియదు. కస్టడీలో ఉన్న మనిషి ఎవరైనా సరే అర్హుడే. కులం, ఆదాయం, ఆస్తి ఏదీ అడగకూడదు. మీవాడు రిమాండులో ఉంటే మీరు ఏ కులమన్న ప్రశ్నే రాదు. బయట ఉండి కేసు నడుపుకునే వాళ్లకే పై లెక్కలన్నీ.

ఆదాయ ధ్రువపత్రం తెమ్మంటున్నారు. సచివాలయం చుట్టూ తిరగాలా?

అక్కర్లేదు. ఆదాయం ఇంత అని అఫిడవిట్ ఇస్తే, అనుమానించే కారణం ఉంటే తప్ప అది చాలని చట్టం 13వ సెక్షన్ అంటోంది. చేతిలో రైస్ కార్డు ఉంటే జిరాక్స్ జతచేయండి, మాట ముందుకు నడుస్తుంది.

స్టేట్ బ్రీఫ్ అంటారు, ప్యానెల్ లాయరంటారు, డిఫెన్స్ కౌన్సెల్ అంటారు. ముగ్గురూ ఒకటేనా?

పని ఒకటే, ఏర్పాటు వేరు. సెషన్స్ కేసులో ముద్దాయికి లాయరు లేకపోతే జడ్జిగారే ఒకరిని పెట్టేవారు. దాన్నే మన కోర్టుల్లో స్టేట్ బ్రీఫ్ అంటూ వచ్చారు. ప్యానెల్ లాయరంటే న్యాయ సేవాధికార సంస్థ జాబితాలో పేరున్న లాయరు. సొంత కేసులు చూసుకుంటూ, ఈ కేసుకు ఇంత అని ఫీజు తీసుకుని వాదిస్తాడు. ఆ ఫీజు తక్కువ, చేతికి రావడం ఆలస్యం. దాంతో జూనియర్లకు అది నేర్చుకునే చోటయింది, సీనియర్లు అటు చూడటం మానేశారు. నేర్చుకునేది ఎవరి బతుకు మీద అన్నది ఎవరూ పైకి అడగని ప్రశ్న.

దీన్ని సరిచేయడానికే 2022లో జాతీయ సంస్థ లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ పద్ధతి తెచ్చింది. ఇందులో లాయర్లు పూర్తికాలం ఇదే పని చేస్తారు. ప్రైవేటు కేసులు తీసుకోకూడదు. నెలనెలా నిర్ణీత మొత్తం వస్తుంది. చీఫ్‌కు కనీసం 10 ఏళ్ల క్రిమినల్ ప్రాక్టీసు, డిప్యూటీకి 7 ఏళ్లు ఉండాలి. అసిస్టెంట్లు కొత్తవాళ్లు కావచ్చు. ముద్దాయి తరఫు కేసులే చూస్తారు. ఫిర్యాదిదారుకు, సివిల్ కేసుకు ఉచిత లాయరు కావాలంటే ఇప్పటికీ ప్యానెలే. జిల్లా కేంద్రానికి దూరంగా ఉన్న కోర్టుల్లో కూడా మీకు ఎక్కువగా కనపడేది ప్యానెల్ లాయర్లే.

ప్రభుత్వ డబ్బుతో పనిచేసే లాయరు, పోలీసుల కేసులో మాకోసం గట్టిగా వాదిస్తాడా?

వరండాలో ఈ అనుమానం లేనివాళ్లు లేరు. ‘ఉత్తినే వచ్చేది ఉత్తదే’ అన్న మాట నా ముందే అన్నారు. పోలీసులకూ ఈ లాయరుకూ ఏ సంబంధమూ లేదు. డబ్బు న్యాయ సేవాధికార సంస్థ నుంచి వస్తుంది, హోం శాఖ నుంచి కాదు. మీరు చెప్పిన రహస్యం ఆయన బయటపెట్టకూడదు. అందులో ప్రైవేటు లాయరుకూ ఆయనకూ తేడా లేదు.

అసలు ఇబ్బంది వేరేచోట ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు అధ్యక్షుడు జిల్లా జడ్జి. డిఫెన్స్ కౌన్సెల్ ఏ జడ్జి ముందు వాదించాలో, ఆ లాయరు పనితీరు బాగుందో లేదో చూసేది ఆ జడ్జే, కాంట్రాక్టు పొడిగించాలా అన్నదాంట్లో మాట చెల్లేదీ ఆ జడ్జిదే. జడ్జితో గట్టిగా విభేదించాల్సిన రోజున లాయరు మనసులో ఆ లెక్క మెదలకుండా ఉంటుందా? నేను చూసినవాళ్లలో చాలామంది నిక్కచ్చిగానే పనిచేస్తున్నారు. కానీ మనిషి మంచితనం మీద ఆధారపడే ఏర్పాటు ఎన్నాళ్లు నిలుస్తుందో చెప్పలేం.

లాయరుగారి గుమస్తా ఖర్చులకని వెయ్యి అడిగాడు. ఇవ్వాలా?

పైసా ఇవ్వొద్దు. వకాల్తా, కోర్టు ఫీజు, కాపీల ఖర్చు, టైపింగు అన్నీ న్యాయ సహాయం కిందికే వస్తాయి. కేసు అప్పగించాక లాయరు మీ దగ్గర ఫీజు గానీ బహుమానం గానీ తీసుకోకూడదు. ఎవరు, ఎప్పుడు, ఎంత అడిగారో రాసి జిల్లా సంస్థ కార్యదర్శికి ఇవ్వండి. ఆయన సీనియర్ సివిల్ జడ్జి హోదా ఉన్న అధికారి.

నచ్చిన లాయరును అడగొచ్చా? ఇచ్చిన లాయరు వాయిదాకు రావడం లేదు, మార్చుకోవచ్చా?

ప్యానెల్లో ఫలానా వాళ్లు కావాలని దరఖాస్తులో రాయొచ్చు. చూస్తారు, తప్పక ఇవ్వాలని లేదు. మార్చమని అడిగేటప్పుడు మాత్రం ‘బాగా చూడట్లేదు’ అని రాస్తే లాభం లేదు. ఏ తేదీ వాయిదాకు రాలేదు, ఏ సాక్షిని క్రాస్ చేయకుండా వదిలేశాడు, జైలుకు ఎన్నిసార్లు వచ్చాడు అన్నది రాయండి. ఈ-కోర్ట్స్ యాప్‌లో మీ కేసు సీఎన్‌ఆర్ నంబరు (ప్రతి కేసుకూ విడిగా ఉండే నంబరు) కొడితే ఏ వాయిదాలో ఏం జరిగిందో కనిపిస్తుంది. ఇంట్లో చదువుకునే పిల్లలుంటే వాళ్లకు అప్పజెప్పండి.

పెద్ద కేసుల్లో ఇంకో రక్ష ఉంది. యావజ్జీవం, మరణశిక్ష పడగల కేసుల్లో కోర్టు పెట్టే లాయరుకు కనీసం 10 ఏళ్ల అనుభవం ఉండాలని, సిద్ధం కావడానికి మామూలుగా కనీసం 7 రోజులు ఇవ్వాలని 2019లో అనోఖీలాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పొద్దున లాయరును పెట్టి మధ్యాహ్నం సాక్షిని ఎక్కిస్తే ఈ తీర్పు చూపించి అడ్డుకోవచ్చు.

మా ఊరి పెద్దాయన అందరికీ కలిపి ఒకే లాయరును పెట్టినాడు. మాకు మళ్లీ లాయరెందుకు?

సీమలో ఈ ప్రశ్నను దాటేసిపోవడం తప్పు. గొడవ కేసులో పదిహేను మంది పేర్లు రాస్తారు. ఏ-1 ఊరి పెద్ద, ఏ-2 ఆయన తమ్ముడు. ఏ-11 ట్రాక్టరు తోలేవాడు, ఏ-12 ఆ రోజు ఊళ్లో కూడా లేడు. హైదరాబాదు నుంచో కర్నూలు నుంచో పేరున్న లాయరు వస్తాడు, ఫీజు పెద్దాయన ఇస్తాడు, అందరి వకాల్తాలూ ఒకే కట్టలో దాఖలవుతాయి.

ఏ-12 కు మేలు చేసే వాదన ఏంటి? ‘నేనక్కడ లేను, వాళ్లతో నాకు సంబంధం లేదు’ అనడం. కానీ ఆ మాట అంటే మిగతావాళ్లు అక్కడ ఉన్నారని ఒప్పుకున్నట్టవుతుంది. ఏ-1 డబ్బిచ్చిన లాయరు ఆ వాదన ఎందుకు తీసుకుంటాడు? తీసుకోడు. అందరిదీ ఒకటే డిఫెన్సు అవుతుంది. నిలిస్తే అందరూ బయటపడతారు, కూలితే అందరూ పోతారు. అప్పీలు దాకా వచ్చేసరికి పెద్దాయన రాజీకొచ్చి ఉంటాడు, లేదా పార్టీ మారి ఉంటాడు. ఏ-12 మాత్రం కడప సెంట్రల్ జైలులో ఉంటాడు.

వేరే లాయరు కావాలని అడగడం ఊళ్లో ఎంత కష్టమో తెలుసు. పెద్దాయనతో తగువు పెట్టుకోమని చెప్పడం లేదు. కస్టడీలో ఉన్నప్పుడే, జైలులోని లీగల్ ఎయిడ్ క్లినిక్‌కు వచ్చే లాయరుతో విడిగా ఒకసారి మాట్లాడమనండి. అందరికీ కలిపిన వకాల్తా నుంచి బయటికి రావడం ముద్దాయి హక్కు. నిందితుల మధ్య ఇలా ప్రయోజనాలు అడ్డం పడినప్పుడు డిఫెన్స్ కౌన్సెల్ ఒకరికి, ప్యానెల్ లాయరు ఇంకొకరికి ఇవ్వొచ్చు.

కర్ణాటక టెట్రా ప్యాకెట్లు దొరికాయని కేసు. ‘ఒప్పుకో, జరిమానా కట్టి పో’ అంటున్నారు. ఒప్పుకోవాలా?

సరిహద్దు మండలాల్లో మందు ప్యాకెట్లు, తండాల్లో సారా, పట్టణాల్లో మట్కా. ఇవన్నీ చిన్న కేసులే అన్నట్టు నడిపిస్తారు. ఒప్పుకుంటే సాయంత్రానికి ఇంటికి పోవచ్చు, నిజమే. కానీ జరిమానా కట్టి పోయినా అది శిక్షే. రేపు కానిస్టేబుల్ సెలక్షన్లోనో రైల్వేలోనో అటెస్టేషన్ ఫారం నింపేటప్పుడు ‘ఏదైనా కేసులో శిక్ష పడిందా?’ అన్న గడి ఉంటుంది. అక్కడ కాదని రాస్తే అబద్ధం, అవునని రాస్తే ఉద్యోగం మీద టెన్షన్. ఇరవై ఏళ్ల కుర్రాడైతే ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. ‘ఒప్పుకుంటే తర్వాత ఏమవుతుంది?’ అని లాయరును అడగండి. ఆ ప్రశ్నకు జవాబు చెప్పకుండా ఒప్పుకోమనే లాయరు, ఉచితమైనా ఫీజు తీసుకున్నా, తన పని చేయనట్టే.

బెయిలొచ్చి పదిరోజులైంది. జామీను ఇచ్చేవాళ్లు దొరకలేదు. లోపలే ఉండాల్నా?

ఇల్లు, పొలం ఉన్నవాళ్లు ఇద్దరు రావాలి, ఇంటి పన్ను రసీదులు తేవాలి, అవి నిజమేనని రాయించుకురావాలి. కూలీ కుటుంబానికి ఇది బెయిల్ పిటిషన్ కంటే కష్టం. 2023 జనవరి 31న సుప్రీంకోర్టు దీనిమీద ఆదేశాలిచ్చింది. బెయిలొచ్చిన ఏడు రోజుల్లో మనిషి బయటికి రాకపోతే జైలు సూపరింటెండెంటు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి తెలియజేయాలి. నెలలోపు జామీను ఇవ్వలేకపోతే షరతులు సడలించవచ్చేమో కోర్టే తనంతట తాను చూడొచ్చు. ముందు సొంత పూచీకత్తు మీదో తాత్కాలిక బెయిలు మీదో వదలమనీ, ఆ తర్వాత జామీనుదారులను తెస్తామనీ అడగొచ్చు. పూచీ సొమ్ము కట్టలేని పేద ఖైదీల కోసం కేంద్రం 2023లో ఒక సహాయ పథకం కూడా తెచ్చింది. మీ లాయరుకు ఇవన్నీ తెలిసే ఉంటాయి. అయినా గుర్తుచేయండి.

బెయిల్ అసలే రాలేదు. ఎన్నాళ్లుంచుతారు?

పోలీసులు 60 రోజుల్లో, పెద్ద నేరాలైతే 90 రోజుల్లో చార్జిషీటు వేయకపోతే బెయిలు హక్కుగా వస్తుంది. కానీ అడిగినవాడికే వస్తుంది. 61వ రోజో 91వ రోజో పిటిషన్ వేయకుండా ఊరుకుంటే, ఈలోపు చార్జిషీటు పడిపోతే, ఆ హక్కు చేజారినట్టే. క్యాలెండరు మీద ఆ తేదీని రౌండప్ చేసి లాయరుకు చెప్పండి. విచారణ ఖైదీగా గరిష్ఠ శిక్షలో సగం కాలం గడిపినవాళ్లను, ఇంతకుముందు ఏ కేసులోనూ శిక్ష పడనివాళ్లయితే మూడోవంతు గడిపాకే, వదలాలని కొత్త సంహిత 479వ సెక్షన్ చెబుతోంది. మరణశిక్ష, యావజ్జీవం పడగల కేసులకు, ఒకటికి మించి కేసులున్నవాళ్లకు ఇది వర్తించదు.

గుంటూరుకు మిరప కోతకు పోయి వాయిదా తప్పింది. వారెంటు వచ్చిందంట. ఊరికి రావాలంటే భయంగా ఉంది.

కోసిగి, పెద్దకడుబూరు వైపు ఏటా ఇదే కథ. ఊరంతా వలస పోతుంది, సమన్లు తాళం వేసిన తలుపుకు అంటిస్తారు. భయపడి ఇంకో రెండు నెలలు రాకపోతే సమస్య పెరుగుతుంది తప్ప తగ్గదు. కోర్టు ముందు మీరే హాజరై, వారెంటు రద్దు చేయమని పిటిషన్ వేయాలి. లీగల్ ఎయిడ్ లాయరు వేస్తారు. బస్సు టికెట్లు, మేస్త్రీ ఇచ్చిన చీటీ, పనికి పోయిన చోట ఆస్పత్రి కాగితం, ఏదున్నా దాచుకోండి. ఈసారి వలస పోయేముందే లాయరుకు చెప్పి పోతే, గైర్హాజరు పిటిషన్ వేసి ఆ రోజు గడుపుతారు.

తెలుగు రానివాళ్ల సంగతేంటి?

కర్నూలు సరిహద్దులో కన్నడం, ఆదోనిలో ఉర్దూ ఉన్నాయి. పక్కన కడప కోర్టుల్లో ఎర్రచందనం కేసుల్లో తమిళనాడు కొండల నుంచి వచ్చిన కూలీలు రిమాండవుతుంటారు. తనకు అర్థంకాని భాషలో సాక్ష్యం చెబుతుంటే, అర్థమయ్యే భాషలో ముద్దాయికి చెప్పించాల్సింది కోర్టే. లాయరుకూ క్లయింటుకూ మధ్య మాట్లాడటానికి దుబాసీని ఇచ్చే ఏర్పాటు మాత్రం లేదు. పక్క బ్యారక్‌లోని ఖైదీయే దుబాసీ అవుతాడు.

కొత్త సంహితలో 341వ సెక్షన్ వచ్చాక ఏం మారింది? రాష్ట్రం చేయగలిగింది ఏమైనా ఉందా?

పాత సీఆర్‌పీసీ 304వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ ఖర్చుతో లాయరును పెట్టాల్సిన బాధ్యత సెషన్స్ కోర్టు విచారణకే ఉండేది. మిగతా కోర్టులకు విస్తరించాలంటే రాష్ట్రం నోటిఫికేషన్ ఇవ్వాలి. కొత్త 341వ సెక్షన్ ‘కోర్టు ముందు విచారణ లేదా అప్పీలు’ అంటోంది. అంటే మేజిస్ట్రేటు కోర్టూ వచ్చింది, అప్పీలూ వచ్చింది. పెద్ద అడుగే. కానీ ‘విచారణ, అప్పీలు’ దగ్గరే ఆగింది. రిమాండు, బెయిలు, పోలీసు విచారణ ఆ వాక్యంలో లేవు. మనిషికి లాయరు ఎక్కువ అవసరమైన మొదటి వారం తీర్పుల దయ మీద నడుస్తోంది.

ఇక్కడే రాష్ట్రానికి చోటుంది. అదే సెక్షన్ కింద, రాష్ట్ర ప్రభుత్వ ముందస్తు ఆమోదంతో హైకోర్టు నిబంధనలు చేయొచ్చు. లాయర్లను ఎలా ఎంపిక చేయాలి, కోర్టులు వాళ్లకు ఏ సౌకర్యాలివ్వాలి, ఫీజు ఎంత అన్నవి అందులో వస్తాయి. న్యాయ సేవాధికార చట్టం కింద ఆదాయ పరిమితి నిర్ణయించేదీ రాష్ట్రమే. క్రిమినల్ ప్రొసీజర్ ఉమ్మడి జాబితాలో ఉంది కాబట్టి, రాష్ట్రపతి ఆమోదంతో శాసనసభ సెక్షన్‌నే సవరించుకోవచ్చు కూడా.

మీరైతే ఏం మార్చమంటారు?

అన్నిటికంటే ముందు, లాయరు పని మొదలయ్యే చోటును కోర్టు నుంచి స్టేషనుకు జరపాలి. అరెస్టు మెమోలోనే ‘న్యాయ సేవాధికార సంస్థకు ఫలానా టైముకు తెలియజేశాం’ అన్న గడి ఉండాలి. అది ఖాళీగా ఉంటే మేజిస్ట్రేటు రిమాండుకు ముందు కారణం అడగాలి. దీనికి కొత్త భవనాలక్కర్లేదు, కోట్లూ అక్కర్లేదు. సెలవు రోజు రిమాండుకు డ్యూటీ లాయరు జాబితా ఒకటి, ఫోను ఒకటి ఉంటే చాలు.

తర్వాత, ఒక లాయరు చేతిలో ఎన్ని కేసులుండాలో పరిమితి రాయాలి. పూర్తికాలం లాయరును పెట్టి కేసులన్నీ ఆయన మీదే గుమ్మరిస్తే మళ్లీ పాత స్టేట్ బ్రీఫే అవుతుంది. అమెరికాలో పేద ముద్దాయికి ప్రభుత్వమే లాయరును ఇవ్వాలన్న 1963 గిడియన్ తీర్పు తర్వాత పబ్లిక్ డిఫెండర్ (ప్రభుత్వ ఖర్చుతో ముద్దాయి తరఫున వాదించే లాయర్ల) ఆఫీసులు ఊరూరా పెరిగాయి, అక్కడ ఇప్పటికీ తీరని గొడవ ఈ కేసుల భారమే. మనం ఆ గుంతలో పడి చూడాల్సిన పనిలేదు.

డిఫెన్స్ వైపు విచారణకు డబ్బుండాలి. పోలీసులకు ఫోరెన్సిక్ ల్యాబు, కాల్ డేటా అన్నీ ఉంటాయి. డిఫెన్స్ కౌన్సెల్ ఘటన స్థలం చూడాలంటే సొంత బండికి సొంత పెట్రోలు పోసుకోవాలి. వేరే డాక్టరు అభిప్రాయం తీసుకోవాలంటే ఎవరిని అడగాలో తెలియదు. కాంట్రాక్టు పొడిగింపు, పనితీరు అంచనా కూడా తీర్పు చెప్పే జడ్జి చేతి నుంచి తీసి, వేరే జిల్లా వాళ్లు, సీనియర్ లాయర్లు ఉన్న కమిటీకి ఇవ్వాలి. లాయర్ల సంఘాల్లో కొందరికి అసలు ఈ డిఫెన్స్ కౌన్సెల్ పద్ధతే నచ్చదు, జూనియర్ల పొట్టకొడుతోందంటారు. వాళ్ల బాధ ఉత్తిది కాదు. అందుకే దూరపు కోర్టుల్లో ప్యానెల్‌ను ఉంచి, ఫీజు పెంచి, 30 రోజుల్లో చెల్లించే నిబంధన పెట్టమంటాను.

లాయరు లేకుండానే శిక్ష పడింది. ఇప్పుడేం చేయాలి?

ఆ శిక్ష నిలవకపోవచ్చు. 1986లో సుఖ్ దాస్ కేసులో, ముద్దాయి అడగలేదన్న కారణంతో లాయరును ఇవ్వకపోవడం చెల్లదని సుప్రీంకోర్టు శిక్ష కొట్టేసింది. తీర్పు కాపీ ఉచితంగా ఇవ్వాలి, అప్పీలుకు లాయరునూ ఇవ్వాలి. ఇది 1978 హోస్కాట్ కేసు నుంచి ఉన్న మాటే. మేజిస్ట్రేటు వేసిన శిక్ష మీద సెషన్స్ కోర్టుకు 30 రోజుల్లో, సెషన్స్ కోర్టు వేసిన శిక్ష మీద హైకోర్టుకు 60 రోజుల్లో అప్పీలు వేయాలి. ఆలస్యమైతే కారణం చూపి మాఫీ అడగొచ్చు.

హైకోర్టు అమరావతిలో ఉంది, కర్నూలు నుంచి మూడొందల కిలోమీటర్లకు పైనే. కోస్తా, సీమ నాయకుల మధ్య 1937లో కుదిరిన శ్రీబాగ్ ఒడంబడిక నాటి నుంచి సీమ అడుగుతున్నది హైకోర్టు ఇక్కడికి రావాలనే. కర్నూలులో బెంచి కోసం 2024 నవంబరులో శాసనసభ తీర్మానం కూడా చేసింది. అదొచ్చేదాకా మీరు అప్పీలు కోసం బస్సెక్కి తిరగాల్సిన పనిలేదు. జైలు నుంచే అప్పీలు పంపొచ్చు. సూపరింటెండెంటు ద్వారా వేలిముద్ర వేసిన వకాల్తా, తీర్పు కాపీ వెళితే హైకోర్టు న్యాయ సేవల కమిటీ అక్కడ లాయరును పెడుతుంది. ములాఖత్‌కు వెళ్లినప్పుడు మీవాన్ని రెండు సంగతులు అడగండి: తీర్పు కాపీ చేతికి వచ్చిందా, అప్పీలు కాగితం మీద వేలిముద్ర ఏ తేదీన వేశాడు. ఆ తేదీ, ఆ లాయరు పేరు రాసుకుని జిల్లా సంస్థలో ఇస్తే అప్పీలు నంబరు కనుక్కుని చెబుతారు.